అంచులు కరిగితేనే అందం

తాతగారికి విడిగా ఒక్క ఫొటో ఉండదు. ఉన్నదల్లా ఎవరి పెళ్లిలోనో దిగిన గ్రూప్ ఫొటో. సంవత్సరీకానికి పటం కట్టించాలంటే అందులోంచే ముఖం తీయాలి. విడవలూరులాంటి ఊళ్లలో ఎన్నో ఇళ్లది ఇదే కథ. కత్తిరించినట్టు తీస్తే పక్కవారి భుజమూ వచ్చి ఎబ్బెట్టుగా ఉంటుంది. అంచులు మంచులా కరిగిపోతే ఆ లోపం కనిపించదు.

ఒకప్పుడు డార్క్‌రూమ్‌లో అట్టకు కోలగా కన్నం చేసి, వెలుగుకీ కాగితానికీ మధ్య కదిలిస్తూ ఈ పని చేసేవారు. ఫొటోషాప్‌లో దీని పేరు ఫెదర్.

అర అంగుళం ముఖాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే దక్కేది 150 పిక్సెళ్లే. 1200లో చేస్తే 600. ఎలిప్టికల్ మార్కీతో ముఖం చుట్టూ గీయండి. సెలెక్ట్ మెనూలో మోడిఫై, అందులో ఫెదర్ నొక్కండి. 5 ఇస్తే తేడా తెలియదు, 40 ఇచ్చి చూడండి. డిలీట్ కొట్టకుండా లేయర్ మాస్క్ పెట్టండి. అది దాస్తుందే తప్ప చెరపదు. నచ్చకపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. కింద తెల్లని లేయర్ వేసి ప్రింట్ తీయించండి. ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఫెదర్ ఉంది.

అసలు ఫొటోకు మాత్రం కత్తెర తగలనివ్వకండి. పక్కన నిలబడ్డవారికీ రేపు అదొక్కటే ఆనవాలు కావచ్చు!