అమ్మ బట్టలు ఎవరు సర్దారు?

సముద్ర తీరానికి వచ్చిన ఏ కుటుంబాన్నైనా ఒకసారి పరికించి చూడండి. పిల్లలు నీళ్ళలో కేరింతలు కొడుతుంటారు. తండ్రి ప్యాంటు మడిచి మోకాళ్ళ లోతున నిలబడతాడు. తల్లి మాత్రం ఇసుకలో కూర్చుని అందరి చెప్పులకూ, సంచులకూ కాపలా కాస్తుంటుంది. "నువ్వూ రా అమ్మీ" అని పిల్లలు పిలిస్తే "నాకెందుకులే బేటా" అంటుంది. ఇష్టం లేక కాదు. నీళ్ళలో దిగడానికి తగిన బట్టలు ఆమె కోసం ఎవరూ సర్దలేదు. ఆమె కూడా సర్దుకోలేదు.

సూర్యలంకలోనో, రుషికొండలోనో ఒక సాయంత్రం ఇలా గడిచిపోతే సరిపెట్టుకోవచ్చు. కానీ ఎంతో ఖర్చుపెట్టి లక్షద్వీప్ వరకు వెళ్ళి కూడా ఆమె ఒడ్డునే మిగిలిపోవడం విచారకరం. అక్కడి దీవులను చుట్టుకొని ఉన్న పగడపు దిబ్బలు అలల తాకిడిని ఆపుతాయి. వాటి లోపలి మడుగులో నీరు చాలాచోట్ల లోతు తక్కువగా, ప్రశాంతంగా ఉంటుంది. పైగా దీవులవాసులలో అత్యధికులు ముస్లింలే. నిండుగా బట్టలు ధరించిన స్త్రీని వింతగా చూసేవారు అక్కడ ఉండరు.

కనుక ఈసారి పెట్టెలో పెట్టే మొదటి జత తల్లిదే కావాలి. బుర్ఖాతోనో, నూలు సల్వార్ కమీజుతోనో నీళ్ళలో దిగడం ప్రమాదకరం. తడిసిన నూలుబట్ట బరువెక్కుతుంది. దుపట్టా, వదులు అంచులు కాళ్ళకు చుట్టుకుంటాయి. నైలాన్ లేదా పాలియెస్టర్‌తో నేసిన సాగే బట్ట నీటిని అంతగా పీల్చదు, త్వరగా ఆరుతుంది. ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి 2004లో రూపొందించిన బుర్కినీ ఇలాంటిదే. అది దొరకకపోతే అదే రకం బట్టతో పూర్తి చేతుల పొడవు చొక్కా, ప్యాంటు, పిన్నులు అవసరం లేని తలకప్పు కుట్టించుకోవచ్చు. రంగు ముదురుగా ఉండాలి. ప్రయాణానికి ముందే ఇంట్లో షవరు కింద తడిపి, అద్దంలో చూసుకోవాలి. ఒంటికి అతుక్కుంటున్నదా, నడకకు అడ్డుపడుతున్నదా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఈత రానివారు లైఫ్ జాకెట్టు, తోడు మనిషి లేనిదే దిగరాదు.

మిగిలిన సామాను కొద్దిపాటిదే. ఆ దీవులలో మంచినీరు అపురూపం. కవరత్తిలో 2005 నుండి సముద్రపు నీటినే శుద్ధి చేసి అందిస్తున్నారు. రోజూ బట్టలుతికే అవకాశం ఉంటుందనుకోకుండా, త్వరగా ఆరేవే తీసుకెళ్ళాలి. పగడపు ముక్కలు కాళ్ళను కోస్తాయి కనుక వెనుక పట్టీ ఉన్న చెప్పులు అవసరం. ముఖానికీ చేతులకూ పూసుకునే సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకొకసారి, నీళ్ళలోనుండి వచ్చిన వెంటనే మళ్ళీ పూసుకోవాలి. కొచ్చి నుండి ఓడలో వెళ్ళేవారు వాంతుల మాత్రల గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి. అగత్తికి నడిచేవి చిన్న విమానాలు. సామాను బరువు పరిమితిని టికెట్టులో చూసుకోవాలి. ప్రవేశ అనుమతి పత్రం, గుర్తింపు కార్డులు తడవని కవరులో ఉండాలి. పలుచని జానమాజు ఒకటి చాలు. హైదరాబాదుతో పోలిస్తే అక్కడ ఖిబ్లా కాస్త ఉత్తరానికి ఉంటుంది, మగ్రిబ్ ఆలస్యమవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పగడపు ముక్కలు పెట్టెలో చేరరాదు. చట్టం దానిని నిషేధించింది; పిల్లలకు ఈ మాట ముందే చెప్పాలి.

ఇక చివరిది సూట్‌కేసులో పట్టనిది. చెప్పులకు, సంచులకు కాపలా అవసరమే. అది తల్లి ఒక్కతే చేయాలని ఎక్కడా లేదు. తండ్రి ఒక గంట, పెద్ద కొడుకు ఒక గంట కూర్చోవచ్చు. సర్దవలసిన వస్తువుల జాబితా రాసేటప్పుడే ఈ వంతులు కూడా దాని కింద రాసుకోండి. బయలుదేరే ముందు రాత్రి, "అమ్మీ, నీ నీళ్ళ బట్టలు పెట్టావా?" అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అడగండి.