ఫ్లాట్‌లో మొక్క హాబీ, కొండ మీద మొక్క నేరమా?

సికింద్రాబాద్ స్టేషన్‌లో గంజాయి పట్టివేత. ఈ వార్త మనకు కొత్త కాదు. భువనేశ్వర్ నుంచి ముంబయి పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్సో, విశాఖ వైపు నుంచి వచ్చే ఇంకో బండో. ఫొటో కూడా ఎప్పుడూ ఒకటే. ముందు టేపు చుట్టిన ప్యాకెట్లు, వెనక వరసగా అధికారులు, పక్కన ముఖాలకు గుడ్డ కప్పిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. కింద ఊర్ల పేర్లు చదవండి. ముంచింగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల, చింతపల్లి, బోర్డర్ అవతల మల్కన్‌గిరి, కోరాపుట్. సరుకుకు డబ్బు పెట్టినోడి ఊరు ఏదో ఆ వార్తలో వెతికి చూడండి. దాదాపు ఎప్పుడూ దొరకదు.

ఇప్పుడు అదే ఫోన్‌లో ఇంకోటి చూడండి. ఇంట్లో గంజాయి పెంచడం ఎలా అని కొత్తవాళ్లకు పాఠాలు. నీళ్ల పీహెచ్ ఎంత ఉండాలి, మీటర్ ఏ కంపెనీది కొనాలి, ఎల్ఈడీ లైటు ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు వెలగాలి, ఎన్ని గంటలు చీకటి ఉండాలి. చెప్పేవాడి గొంతులో భయం ఉండదు. తోటపని నేర్పుతున్నట్టు నేర్పుతాడు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది నిజంగానే తోటపని. కాలిఫోర్నియాలో 2016 ఓటింగుతో చట్టబద్ధమైంది, కెనడాలో 2018లో అయింది. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు. ఆ పాఠాలు అక్కడివాళ్ల కోసం తయారైనవి. చూసేది మాత్రం ఇక్కడి మన పిల్లలు కూడా.

హైదరాబాద్‌లో దాన్ని ఆచరణలో పెట్టినవాళ్లూ ఉన్నారు. 2017 మార్చిలో నార్సింగి దగ్గర మంచిరేవులలో ఒక ఫ్లాట్‌లో కుండీల్లో గంజాయి పెంచుతుంటే పోలీసులు పట్టుకున్నారు. లైట్లు, ఫ్యాన్లు, ఏసీ అన్నీ అమర్చుకున్నాడు. ఆ వార్తల్లో ఎంత ఆశ్చర్యమో! చదువుకున్న కుర్రాడు, ఎంత తెలివి, ఎంత టెక్నిక్ అని. మనోడు కొండ మీద పెంచితే అది తెలివి కాదు, స్మగ్లింగ్. రాతలో ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

చట్టం అందరికీ ఒకటే కదా అంటారు. కాగితం మీద ఒకటే. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం 20వ సెక్షన్ కింద గంజాయి సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఫ్లాటైనా, కొండైనా అదే. కానీ సరుకు దగ్గరికి వచ్చేసరికి చట్టం తూకం రాయి పట్టుకుంటుంది. కిలో దాకా చిన్న పరిమాణం, ఏడాది లోపు శిక్ష లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కమర్షియల్, పదేళ్లకు తక్కువ వేయడానికి జడ్జికి కూడా వీల్లేదు, ఇరవై దాకా వేయొచ్చు. పైగా 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఇతను నేరం చేసి ఉండడని కోర్టు నమ్మితే తప్ప బెయిల్ రాదు.

ఇప్పుడు ఆలోచించండి. లైటు కింద, పీహెచ్ చూసుకుంటూ పెంచిన హైడ్రోపోనిక్ గంజాయిలో మత్తు ఎక్కువ, బరువు తక్కువ, రేటు చాలా ఎక్కువ. బ్యాంకాక్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు సూట్‌కేసుల్లో వస్తున్నది అదే. కిలోకు విలువ లక్షల్లో కడుతున్నారు. కొండ సరుకు రేటు తక్కువ, బరువు ఎక్కువ. లాభం రావాలంటే మూటలు మోయాలి. చట్టం మత్తును కొలవదు, డబ్బును కొలవదు, బరువును కొలుస్తుంది. మోసేవాడు ఎవడు? పేదోడు. కాబట్టి బరువును శిక్షించడమంటే పేదోణ్ని శిక్షించడమే. జేబులో పది గ్రాముల ఖరీదైన సరుకున్న పార్టీ కుర్రాడు ఇంటికి పోతాడు. ట్రిప్పుకింత అని కూలికి 22 కిలోల బ్యాగు మోసిన పంతొమ్మిదేళ్ల పిల్లోడు యవ్వనమంతా జైల్లో ఉంటాడు.

డబ్బు పెట్టినవాణ్ని పట్టుకోవడానికి చట్టం లేదా? ఉంది. 27ఎ సెక్షన్. అక్రమ రవాణాకు పెట్టుబడి పెట్టినా, నేరస్థులకు ఆశ్రయమిచ్చినా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు. గింజలు తెచ్చిచ్చినోడు, ముందే అడ్వాన్సు ఇచ్చినోడు, బండి పంపినోడు, నగరంలో సరుకు దించుకున్నోడు అందరూ దీని కిందికి రావచ్చు. ఫోన్ రికార్డు, బ్యాంకు ఖాతా పట్టుకుని పైకి పోవాలి. బ్యాగుతో దొరికినోడి దగ్గరే కేసు ఆగిపోతే లెక్కకు కేసు వస్తుంది, దందా మాత్రం ఆగదు. రేపు అదే సీట్లో ఇంకో పిల్లోడు కూర్చుంటాడు.

గంజాయిని పొగడడానికి ఇదంతా రాయడం లేదు. అది మన తిండి పంట కాదు. బయటి డబ్బు మన కొండెక్కి వేయించిన పంట. ఊళ్లలో మత్తుకు అలవాటుపడిన పిల్లల్ని చూస్తున్నాం. పోవాల్సిందే. ఎలా పోవాలన్నదే గొడవ.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు. కెమెరాలన్నీ వచ్చాయి. సరే, నరికారు. మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి మీద ఏం ఉడకాలి? గంజాయి ఆర్నెల్లలో చేతికొస్తుంది, కొనేవాడు ఇంటికే వస్తాడు. కాఫీ మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు. మధ్యలో ఆ మూడేళ్లు ఎవరు చూస్తారు? మొక్కలు పంచి ఫొటో దిగితే సరిపోదు. ఆ మూడేళ్ల బతుక్కి లెక్క చెప్పాలి. అది చెప్పనంతకాలం ఏజెంటు అడ్వాన్సుదే గెలుపు.

పీహెచ్ గురించి, వెలుతురు గురించి చదువు మనకూ కావాలి. మన పంటల కోసం కావాలి. పీహెచ్ అంటే పులుపు కొలత. 7 దగ్గర సమానం, కిందికి పోతే పులుపు, పైకి పోతే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. వానలు బాగా పడే కొండ వాలులో సున్నం కొట్టుకుపోయి మట్టి పులిసిపోతుంది. కాఫీకి 6 నుంచి 6.5 మధ్య మట్టి బాగుంటుంది. మరీ పులిస్తే వేసిన ఎరువు కూడా మొక్కకు సరిగా అందదు. అప్పుడు పరీక్ష చూసి సున్నం వేయాలి. వెలుతురూ అంతే. సిల్వర్ ఓక్ నీడ కింద కాఫీ, ఆ చెట్టుకే మిరియం తీగ. నీడ ఎక్కువైతే కాపు తగ్గుతుంది, తక్కువైతే ఆకు మాడుతుంది, కాబట్టి కొమ్మలు కొట్టే లెక్క తెలియాలి. నగరంలో ఒకడు గదిలో మీటరు పెట్టుకుని నాలుగు కుండీలకు ఇంత శ్రద్ధ పెడుతుంటే, వందల ఊళ్ల కాఫీ, పసుపు రైతుకు మట్టి పరీక్ష కార్డు చేతికొచ్చి చదివి చెప్పే మనిషి లేడంటే అది ఎవరి నేరం? అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గుర్తింపు బ్రాండుకు వస్తే చాలదు, గింజ పండించినవాడి ధరలో కనపడాలి.

తమ్ముడూ, చెల్లీ, ఇక మీతో నేరుగా. ట్రిప్పు ఒక్కటే అంటాడు. టికెట్ నేనే తీస్తానంటాడు. బ్యాగులో ఏముందో నీకు తెలీదని చెప్పమంటాడు. బ్యాగు నీ చేతిలో దొరికితే నీకు తెలుసనే చట్టం ముందుగా అనుకుంటుంది. తెలియదని నిరూపించుకునే బరువు నీ మీదే పడుతుంది. ఆ అన్న ఫోన్ స్విచ్చాఫ్ వస్తుంది. ఆ వీడియోలు చూసి రెండు మొక్కలు ఇంట్లో పెడదామన్నా అంతే. లైటు కింద పెంచినా సాగే.

ఇప్పటికే లోపల ఉన్న మనోళ్ల కుటుంబాలు ఇవి గుర్తుపెట్టుకోండి. ఎస్టీ అయితే ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు, 1987 చట్టం 12వ సెక్షన్ చెప్తుంది. 15100కి ఫోన్ చేయొచ్చు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న చివర్లు. విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. మూట మొత్తం తూచి కమర్షియల్ అని రాశారా, లాయరు అడగాలి. విచారణ ఏళ్ల తరబడి సాగితే 37వ సెక్షన్ ఉన్నా బెయిల్ ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు 2023 మార్చిలో మహ్మద్ ముస్లిం కేసులో చెప్పింది. అదీ గంజాయి కేసే. ఎన్‌డీపీఎస్ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ తీర్పు చెప్పింది.

1879లో రంప కొండల్లో మన పెద్దలు తిరగబడిన కారణాల్లో కల్లు మీద పన్ను ఒకటి. ఇంటికి గీసుకునే కల్లును నేరం చేసి, కాంట్రాక్టరుకు వ్యాపారం చేశారు. ఇప్పుడూ శిక్ష కొండకు, లాభం బయటికి. అందుకే అడుగుతున్నాం:

ప్రతి రవాణా కేసులో పెట్టుబడిదారు ఎవరో తేల్చాలి, 27ఎ వాడాలి.
కూలికి మోసినవాణ్ని, దందా నడిపినవాణ్ని చట్టం వేరుగా చూడాలి.
ఏళ్లుగా విచారణ ఖైదీలుగా ఉన్న ఆదివాసీల జాబితా జైలు వారీగా బయట పెట్టాలి.
గంజాయి వదిలిన కుటుంబానికి కాఫీ కాపుకొచ్చే దాకా నెలనెలా ఆదాయం ఇవ్వాలి.
ప్రతి పంచాయతీలో మట్టి పరీక్ష, చెప్పేవాడు మన భాషలో చెప్పాలి.

ఇవి చేయకుండా మళ్లీ తోట నరకడానికి వస్తే, గ్రామసభలో ఈ ఐదూ చదివి జవాబు అడుగుదాం.