తెర వెనుక సూత్రధారి

2023వ సంవత్సరమున ముంబయి నగరములో 2,000 మందికి చోటుగల క్రొత్త రంగశాల యొకటి వెలసినది. భారతీయ కళాకారుల సంగీత నాటకమును, అమెరికాలో పుట్టిన ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ను ఆ యేడే ప్రేక్షకులు అచట చూడగలిగిరి. ఇట్టి ప్రదర్శనము ముగిసినప్పుడు జనులు గాయకుని కంఠమును, నటి అభినయమును, దర్శకుని ప్రతిభను కొనియాడుచు ఇండ్లకు మరలుదురు. పల్లవి యెత్తుకొనిన క్షణముననే దీపమును వెలిగించినదెవరు, చీకటిలో మేడను తొలగించి తోటను నిలిపినదెవరు అని యడుగువారు అరుదు. కాని నాటకముయొక్క జయాపజయములు మాత్రమే కాక, నటుల యొక్కయు ప్రేక్షకుల యొక్కయు క్షేమము సైతము ఆ కనబడని చేతులలోనే యుండును.

వచన నాటకమున నటుడొకడు తడబడినను, తోడినటుడు మాట కలిపి కథను నెట్టుకొని రాగలడు. సంగీత నాటకమునకు ఆ వెసులుబాటు తక్కువ. వాద్యబృందము ఆరంభించిన పిదప తాళము ఎవరికొరకును ఆగదు. దీపము, తెర, ధ్వని, రంగాలంకరణము అన్నియు దానికి లోబడి నడువవలసినవే. వీనినన్నిటిని ఒక్క త్రాటిపై నడుపు వ్యక్తిని స్టేజి మేనేజరు అందురు. ఏ మాటవద్ద, ఏ చరణమువద్ద ఏ పని జరుగవలెనో వరుస సంఖ్యలతో వ్రాసిన పుస్తకమొకటి ఆ వ్యక్తి ముందుండును. మొదట హెచ్చరిక, పిదప ఆజ్ఞ. పాశ్చాత్య రంగశాలలలో దీపములతో సంకేతము లిచ్చునప్పుడు ఎఱ్ఱదీపము సిద్ధముగ నుండుమనియు, పచ్చదీపము పని చేయుమనియు తెలుపును. తన పని తనకు కంఠస్థమైయున్నను, ఆజ్ఞ రానిదే పనివాడు త్రాడు లాగడు. ఇది అవిశ్వాసము కాదు, క్రమశిక్షణము.

ఆ క్రమములో ఒక్క ముడి జారినను ఏమగునో న్యూయార్కు నగరము చూచినది. 2010 డిసెంబరు 20వ తేదీన ‘స్పైడర్ మాన్’ సంగీత నాటకమున ఒక నటుడు ఇరువది అడుగులకు మించిన ఎత్తునుండి క్రిందపడి తీవ్రముగ గాయపడెను. అతనిని పట్టియుంచవలసిన త్రాడు తగిలింపబడకపోవుటయే కారణము. అటుపిమ్మట ఒకరు కట్టిన కట్టును వేరొకరు పరీక్షింపవలెనను నియమము పెట్టిరి. యంత్రము లెన్ని యున్నను, రెండవ మనిషి కన్ను అవసరమని ఆ ఘటన చాటినది.

అంతకు నూరేండ్లకు పూర్వమే ఇంతకంటె ఘోరమైన పాఠము చికాగో నగరమున లభించినది. 1903 డిసెంబరు 30వ తేదీన ఇరాక్వా నాటకశాలలో ‘మిస్టర్ బ్లూబియర్డ్’ అను సంగీత నాటకము పగటిపూట ప్రదర్శింపబడుచుండెను. సెలవు దినములగుటచే పిల్లలును తల్లులును అధికముగ వచ్చిరి. ఒక విద్యుద్దీపమునుండి రాలిన నిప్పురవ్వ తెర నంటుకొన్నది. మంటల నడ్డవలసిన ప్రత్యేకపు తెర సగము దిగి చిక్కుకొనిపోయినది. వాకిళ్లలో కొన్ని తాళము వేసియుండెను, కొన్ని లోపలివైపునకు తెరచుకొనునవి. ఆరువందలమందికి పైగా మరణించిరి. అగ్నిభయము లేనిదని ప్రకటనలలో చాటుకొన్న నాటకశాల యది.

తెలుగునాట ఈ విద్య క్రొత్తది కాదు. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ను ప్రదర్శించుటతో ఆరంభమైన సురభి నాటకసమాజము చిత్రించిన తెరలకును, మాయాదృశ్యములకును ప్రసిద్ధి కెక్కినది. ఆకాశమునుండి నారదుడు దిగుటయు, బాణములు గాలిలో ఢీకొనుటయు సన్నని తీగలును, కప్పీలును, త్రాళ్లును చేయు అద్భుతములే. హార్మోనియము శ్రుతిని విడువకుండ ఈ పనులన్నియు సాగవలెను. ఆ కుటుంబముల పిల్లలు సైడువింగులలో నిలిచి, పెద్దల చేతులను చూచి నేర్చుకొనిరి. బడిలో నేర్పజాలని సూక్ష్మము అట్టి శిక్షణలో నున్నది. అయితే చేతినుండి చేతికి వచ్చు విద్యకు, అందుకొను చేయి లేనినాడు, మనుగడ లేదు. ఒకప్పుడు పదులసంఖ్యలో నుండిన సురభి బృందములు నేడు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. ఏ తీగ ఎచట కట్టవలెనో, ఏ పద్యపాదమువద్ద లాగవలెనో గ్రంథస్థము చేయనిచో, ఆ విద్య పెద్దలతోనే అంతరించును.

ఈ రెండు మార్గముల సారమును పాఠశాలలు గ్రహింపవచ్చును. వార్షికోత్సవమునాడు ఒక ఉపాధ్యాయుడు పాట నేర్పును, షామియానావాడు వేదిక కట్టును, మైకుసెట్టువాడు దీపములు బిగించును. మొత్తమునకు బాధ్యుడెవరన్నచో సమాధాన ముండదు. పాట నేర్పువారికంటె వేరుగా ఒకరిని ఆ పనికి నియమింపవలెను. వారి చేతిలో పనుల పుస్తకము, వారి మాటకు ప్రదర్శనమును ఆపగల అధికారము ఉండవలెను. నటులు లేకుండ దీపములకును తెరలకును ఒక సాధన జరుపవలెను. తీగల అతుకులను, వేదిక పలకలను, వాకిళ్లను ఒకరు చూచినపిదప వేరొకరు చూడవలెను. గొంతెత్తి పాడలేని బిడ్డకు సైతము ఇందులో గౌరవప్రదమైన స్థానము లభించును.

సూత్రమును ధరించువాడు సూత్రధారి. ప్రాచీన నాటకమున అతడు ప్రేక్షకుల యెదుట నిలిచి కథను ప్రారంభించెను. నేడు అతడు చీకటిలో నిలిచి దానిని క్షేమముగ తీరము చేర్చుచున్నాడు. తుదితెర దిగినపుడు మ్రోగు చప్పట్లలో కొన్ని అతనికిని చెందవలెను.