పైచిప్ప చూసి పేరు పెట్టేస్తామా?

1952 మే 6న గలతియా అనే డెన్మార్క్ పరిశోధన నౌక, కోస్టారికాకు పడమరగా పసిఫిక్ మహాసముద్రంలో సుమారు 3,570 మీటర్ల లోతుకు వల దించింది. సూర్యకాంతి ఎన్నడూ చేరని ఆ అడుగు నుంచి పది చిన్న ప్రాణులు, మూడు ఖాళీ చిప్పలు పైకొచ్చాయి. వాటిలో పెద్దది కూడా నాలుగు సెంటీమీటర్లు లేదు. పైనుంచి చూస్తే, తీరంలో రాళ్లను కరచుకుని బతికే లింపెట్ అనే టోపీ చిప్ప నత్తలాగే ఉంది. 'లింపెట్' అని చీటీ అంటించి సీసాలో పెట్టేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

కానీ హెన్నింగ్ లెమ్కె అనే శాస్త్రవేత్త చిప్ప కింద ఏముందో ఓపికగా పరిశీలించాడు. ఎనిమిది జతల కండరాలు, ఐదు జతల మొప్పలు వరుసగా అమరి ఉన్నాయి. నత్తల్లో అలాంటి అమరిక ఉండదు! ఆ వర్గపు జీవులు అప్పటిదాకా శిలాజాల్లోనే దొరికాయి. కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయని అందరూ నమ్మారు. లెమ్కె 1957లో దానికి 'నియోపిలినా గలతియే' అని పేరు పెట్టాడు. వింగ్‌స్ట్రాండ్ అనే సహచరునితో కలిసి 1959లో దాని శరీర నిర్మాణాన్ని సమగ్రంగా వివరించాడు. పిడికిట్లో ఇమిడే ప్రాణికి పేరు పెట్టడానికి ఐదేళ్లు, వివరించడానికి ఏడేళ్లు!

జీవులకు పేర్లు పెట్టే పని దేవుడు ఆదాముకు అప్పగించాడని ఆదికాండం రెండో అధ్యాయం చెబుతోంది. మనమూ రోజూ పేర్లు పెడుతూనే ఉన్నాం, కాకపోతే సాటి విశ్వాసులకు! ఆలస్యంగా వచ్చే సోదరి 'భక్తి లేనిది'. వెనుక వరుసలో కూర్చునే యువకుడు 'చల్లారిపోయినవాడు'. ఈ పేర్లకు మనకు ఐదు నిమిషాలు చాలు. మంచం పట్టిన అత్తగారికి స్నానం చేయించి, గంజి తాగించి ఆ సోదరి పరుగున వచ్చిందేమో అడిగామా? ఏలీయాబు ఎత్తు, రూపం చూసి సమూయేలు ప్రవక్త అంతటివాడే పొరబడ్డాడు. దేవుడు ఎన్నుకున్న దావీదు అప్పటికి గొర్రెల దగ్గరున్నాడు. అతణ్ని పిలవాలని ఇంట్లోవాళ్లకే తోచలేదు.

ఒక చిప్పకు శాస్త్రవేత్త ఇచ్చినంత సమయం సాటి మనిషికి మనం ఇవ్వలేమా? వచ్చే ఆదివారం ఆరాధన ముగియగానే గేటు వైపు నడవకుండా, ఆ సోదరి పక్కన పది నిమిషాలు కూర్చుందాం. మనం పెట్టిన పేరు తప్పని తేలితే సంతోషంగా చెరిపేద్దాం.