బిరుదు ఒక జన్మకే, హక్కు తరతరాలకు

అహేరి సంస్థాన వారసుల పేర్లతో ‘రాజే’ అన్న మాట నేటికీ వినవస్తుంది. చట్టం దానిని గుర్తించదు; ప్రజలే అభిమానంతో పలుకుతున్నారు. బిరుదు ఆయువు ఎంత, అది ఎవరికి సంక్రమించాలి అన్న ప్రశ్నకు రాజరికం ఇంకా నిలిచి ఉన్న స్పెయిన్ ఇచ్చిన సమాధానం మన సరిహద్దు గ్రామాలకూ ఆలోచనీయం.

1997లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ తన చిన్న కుమార్తె క్రిస్టీనాకు వివాహ సందర్భంగా ‘పాల్మా డి మల్లోర్కా డచెస్’ బిరుదును ప్రసాదించారు. 1987 నాటి రాజశాసనం ప్రకారం రాజకుటుంబపు ఇట్టి బిరుదులు జీవితకాలానికే పరిమితం, సంతానానికి సంక్రమించవు. భర్త ప్రజాధన దుర్వినియోగం కేసులో చిక్కుకోగా, 2015 జూన్‌లో సోదరుడైన రాజు ఆరవ ఫెలిపే ఆమె బిరుదును ఉపసంహరించారు. 2017లో న్యాయస్థానం భర్తకు జైలుశిక్ష విధించింది, ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. అయినా బిరుదు తిరిగి రాలేదు. రాజు బిడ్డకైనా గౌరవం షరతులతో కూడినదే.

మన ప్రాంతంలో ఒకనాటి రీతి వేరు. 1858లో బ్రిటిష్ వారిపై తిరుగుబాటు చేసిన బాబూరావు సెడ్మాకే పట్టుబడటానికి తోడ్పడినందుకు అహేరి జమీందారిణి లక్ష్మీబాయికి గ్రామాలు బహుమానంగా దక్కాయి. దొరల మెప్పుతో వచ్చిన ఆ సంపద వంశానికి సంక్రమించింది. ఆ గ్రామాల ప్రజలను అడిగినవారు లేరు. 1950 నాటి మధ్యప్రదేశ్ చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. బిరుదుల ప్రదానాన్ని రాజ్యాంగంలోని 18వ అధికరణం నిషేధించింది. 1971లో 26వ సవరణ మాజీ సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణాలను తొలగించింది.

మరి పద్మ పురస్కారాల మాటేమిటి? అవి బిరుదులు కావని, పేరుకు ముందు గానీ వెనుక గానీ చేర్చుకోరాదని 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హేమల్‌కసా వైద్యుడు ప్రకాశ్ ఆమ్టేకు 2002లో దక్కిన పద్మశ్రీ ఆయన సేవకు గుర్తింపే గాని, వారసులకు అందే ఆస్తి కాదు.

ప్రజాప్రతినిధి పదవికీ ఇదే న్యాయం. 2024 శాసనసభ ఎన్నికలలో అహేరి స్థానంలో ఒకే ఆత్రం వంశం నుంచి ధర్మరావుబాబా, అంబరీశ్‌రావు, భాగ్యశ్రీ పరస్పరం తలపడ్డారు. వంశనామం ముగ్గురికీ ఉన్నది. గెలుపు ధర్మరావుబాబాను వరించింది. నిర్ణయించినది ఓటు. అదీ అయిదేళ్లకే.

అయితే తరతరాలకు సంక్రమించవలసినది ఒకటున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం క్రింద లభించే పట్టా వారసత్వంగా పిల్లలకు చెందుతుంది. దానిని విక్రయించరాదు, ఇతరులకు బదిలీ చేయరాదు. వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేర్లూ అందులో నమోదు కావాలి. సిరొంచ, అహేరి తాలూకాల కుటుంబాలు తమ ఇంటి పట్టాను ఒకసారి తెరచి, ఇల్లాలి పేరు ఉన్నదో లేదో చూసుకోవాలి. లేనిచో గ్రామసభ ముందుంచి సవరణ కోరాలి.

గౌరవాన్ని పెద్దలకు ఇష్టపూర్వకంగా ఇద్దాం. అధికారాన్ని గడువుతోనే ఇద్దాం. నేలపై హక్కును మాత్రం బిడ్డలకు భద్రంగా అందిద్దాం.