ఏ పుస్తకం ఎన్ని చేతులు మారింది?

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తనకు 125 ఏళ్లు నిండిన సందర్భంగా 2020 జనవరిలో ఒక జాబితా విడుదల చేసింది. పాఠకులు అన్నిటికంటే ఎక్కువగా ఇంటికి తీసుకెళ్లిన పది పుస్తకాలవి. మొదటి స్థానం ఎజ్రా జాక్ కీట్స్ బొమ్మల పుస్తకం 'ది స్నోయీ డే'ది. మంచు కురిసిన రోజు ఒక నల్లజాతి పిల్లవాడు బయట ఆడుకోవడమే అందులో కథంతా. 4,85,583 సార్లు ఇళ్లకు వెళ్లింది. ఆర్వెల్ '1984' మూడోది. పదింటిలో కథ కానిది ఒక్కటే, 1936లో వచ్చిన డేల్ కార్నెగీ వ్యక్తిత్వ వికాస గ్రంథం. మనవాళ్లే ఇలాంటివాటికి ఎగబడతారని నిట్టూర్చేవారికి ఇది కాస్త ఊరట.

అంకెల్ని ఉన్నవున్నట్టు నమ్మితే మాత్రం పొరబడతాం. 'స్నోయీ డే' 1962లో వచ్చింది. పలచని పుస్తకం, ఒక్క పూటలో అయిపోతుంది. ఇవాళ తీసుకెళ్లింది వారంలో తిరిగొస్తుంది, మరో ఇంటికి బయల్దేరుతుంది. అదే లావుపాటి నవలైతే ఒక్కరి దగ్గరే నెల రోజులు ఉండిపోతుంది. అమెరికాలో 1998లో వచ్చిన మొదటి హ్యారీ పాటర్ 2,31,022 సార్లతో తొమ్మిదో స్థానంలో ఆగింది. ఏళ్లతో భాగించి చూస్తే కథ తిరగబడుతుంది. ఏడాదికి సగటున 'స్నోయీ డే' దాదాపు 8,400 సార్లు వెళ్తే, హ్యారీ పాటర్ పదివేలు దాటింది. అంటే ఆ జాబితాలో అభిరుచితో పాటు పుస్తకం వయసూ మందమూ కూడా ఉన్నాయి.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. పది పుస్తకాల కింద ఆ లైబ్రరీ పదకొండోదాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. అది మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాసిన 'గుడ్‌నైట్ మూన్'. 1947లో వచ్చి, అమెరికాలో తరతరాల పిల్లల్ని నిద్రపుచ్చిన పుస్తకం. అది మొదటి పదిలో లేకపోవడానికి కారణం పాఠకులు కాదు. అక్కడ బాలసాహిత్య విభాగాన్ని ఏళ్ల తరబడి నడిపిన ఆన్ క్యారల్ మూర్‌కి ఆ పుస్తకం గిట్టలేదు. అప్పటికే ఆవిడ పదవీ విరమణ చేసినా మాట చెల్లుతూనే ఉంది. 1972 దాకా అది ఆ లైబ్రరీ గడప తొక్కలేదు. పాతికేళ్లు అరలో లేని పుస్తకాన్ని ఎవరు తీసుకెళ్తారు? జనం ఏం చదువుతారన్నది సగం, వాళ్ల ముందు ఏం పెట్టామన్నది సగం. నా మటుకు నాకు రెండోదే ఎక్కువనిపిస్తుంది. అయితే ఆ లైబ్రరీ తన తప్పును తానే బయటపెట్టుకోగలిగిందంటే, లెక్క రాసిపెట్టుకున్నందువల్లే.

బ్రిటన్‌లో ఈ లెక్కకు డబ్బు కూడా ముడిపడి ఉంది. 1979 నాటి చట్టం ప్రకారం లైబ్రరీ నుంచి పుస్తకం వెళ్లిన ప్రతిసారీ రచయితకు కొన్ని పెన్నీలు జమవుతాయి. ఎంత పేరున్న రచయితకైనా ఏడాదికి 6,600 పౌండ్లు మించవు. డబ్బంతా నలుగురు పెద్ద పేర్లకే పోకుండా ఆ పరిమితి. మనదేశంలో అలాంటి చట్టమే లేదు.

మన సంగతికొస్తే, 1960 నాటి గ్రంథాలయాల చట్టం వల్ల ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయవన్నది పాత గొడవ, దాని మీద చాలా సిరా ఖర్చయింది. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ డబ్బుతో కొన్న పుస్తకాల్లో ఏది ఎన్నిసార్లు బయటికెళ్లింది? రోజూ ఎందరొచ్చారో సంతకాల పుస్తకం చెబుతుంది. పుస్తకం వెనక అంటించిన చీటీ మీద తేదీ ముద్రలూ పడతాయి. ఆ ముద్రల్ని కూడి జనం ముందు పెట్టే ఆనవాయితీ మాత్రం లేదు. ఒకప్పటి అద్దె నవలల షాపులు ఈ విషయంలో మేలు. యద్దనపూడి నవల ఎన్ని కాపీలు తెప్పించాలో, యండమూరి కొత్త నవల కోసం ఎందరు కాచుక్కూర్చున్నారో, మధుబాబు షాడోకి ఏ వీధి కుర్రాళ్లు వస్తారో షాపు యజమానికి కంఠతా వచ్చు. తెలియకపోతే ఆయనకు పూట గడవదు. ప్రభుత్వ గ్రంథాలయానికి ఆ అవసరం లేదు, అందుకే తెలియలేదు.

లెక్క బయటికొస్తే పైన పోటీ పరీక్షల పుస్తకాలే కనిపిస్తాయని కొందరి బెంగ. కనిపించనివ్వండి. ఉద్యోగాల కోసం పొద్దుటి నుంచి రాత్రి దాకా అక్కడే కూర్చునే పిల్లలు కూడా పాఠకులే. వాళ్లకు ఎన్ని కాపీలు చాలడం లేదో అప్పుడే తేలుతుంది. అలాగని ఆ లెక్కనే పట్టుకుని కథల పుస్తకాలు కొనడం మానేస్తే, అది ఆన్ క్యారల్ మూర్ పనికి మరో రూపమే అవుతుంది. అందుకని ఒక జాబితా చాలదు. నవంబరు 14 నుంచి 20 వరకు ఏటా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతున్నాం. ఉపన్యాసాలు ఒక పూట తగ్గించి ప్రతి జిల్లా రెండు జాబితాలు గోడకు అంటించవచ్చు. ఎక్కువసార్లు ఇంటికెళ్లిన పుస్తకాలు ఒకటి, పాఠకులు అడిగినా దొరకని పుస్తకాలు రెండోది. మరుసటి ఏడాది కొనుగోళ్లకు కూర్చునే కమిటీ ముందుగా ఆ రెండోదాన్ని చదవాలి.