నెగెటివ్ కాగితమే తుది మాట కారాదు

వానలు మొదలైతే గోదావరి తీరాన జ్వరాల కాలం మొదలవుతుంది. చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచీ, రాష్ట్ర సరిహద్దుకు ఆవలి చింతూరు నుంచీ రోగులు భద్రాచలం ఏరియా ఆసుపత్రికే తరలివస్తారు. 2016లో ఖమ్మం జిల్లా బోనకల్ మండలాన్ని డెంగీ కుదిపివేసిన సంగతి ఈ ప్రాంతం మరువలేదు. సంతల్లో చిన్న వ్యాపారం చేసుకొనే ముస్లిం కుటుంబమైనా, పోడు చేసుకొనే కోయ కుటుంబమైనా జ్వరం ముదిరాక చెప్పే మాట ఒకటే: ‘పరీక్షలో ఏమీ లేదన్నారు.’ ఆ భరోసాతో ఇంటిపట్టున ఉండిపోవడం ప్రాణాల మీదికి తేగలదు.

ఏ పరీక్ష అయినా తాను వెదికేదాన్ని గురించే చెప్పగలదు. డెంగీలో ఎన్‌ఎస్‌1 పరీక్ష వైరస్ విడుదల చేసే ప్రోటీన్‌ను వెదకుతుంది. అది జ్వరం వచ్చిన తొలి ఐదు రోజుల్లోనే బాగా దొరుకుతుంది. ఐజీఎం పరీక్ష మన శరీరం తయారుచేసుకొనే ప్రతిరక్షకాలను వెదకుతుంది. అవి సాధారణంగా ఐదో రోజు తరువాతనే బయటపడతాయి. రెండో నాడు ఐజీఎం, ఎనిమిదో నాడు ఎన్‌ఎస్‌1 చేయిస్తే జబ్బు ఉండి కూడా నెగెటివ్ రావచ్చు. డెంగీ రెండోసారి సోకినవారిలో ఎన్‌ఎస్‌1 తప్పిపోవడం ఎక్కువ; ముప్పు ఎక్కువ ఉన్నదీ వారికే. ఐజీఎం నెలల తరబడి రక్తంలో నిలిచి ఉండవచ్చు గనుక, పాజిటివ్ వచ్చిన ప్రతి జ్వరమూ డెంగీ కానక్కరలేదు. ఈ అడవి ప్రాంతంలో మలేరియా పరీక్ష కూడా తప్పనిసరి.

పావుగంటలో ఫలితం చూపే ర్యాపిడ్ కిట్ సూచన మాత్రమే. ప్రభుత్వం డెంగీగా ధ్రువీకరించేది ఎలీసా పరీక్షతోనే. ఎలీసా వరకు చేరని రోగి ధ్రువీకరించిన లెక్కల్లోకి ఎక్కడు. లెక్కకు ఎక్కని ఊరికి దోమల మందూ, వైద్య శిబిరమూ ఆలస్యంగా వస్తాయి.

ఈ లెక్కల రాజకీయం మన సమాజానికి కొత్త కాదు. 2020లో నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లివచ్చినవారిని వెదకి వెదకి పరీక్షించారు. తేలిన అంకెలను చూపి ముస్లింలందరినీ నిందించారు. ఎక్కువ వెదకిన చోట ఎక్కువ కేసులు కనబడతాయి. వెదకని చోట సున్నా కనబడుతుంది. నాడు మనల్ని దోషులుగా నిలబెట్టిన ఆ పొరపాటే నేడు అడవి పల్లెల రోగాన్ని కనబడకుండా చేస్తున్నది. 2021 మేలో ఇంటి కోవిడ్ కిట్‌ను అనుమతించినప్పుడు, లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించాలని ఐసీఎంఆర్ స్వయంగా చెప్పింది. ఆ జాగ్రత్త డెంగీకీ వర్తించాలి.

కుటుంబాలకు మా మనవి: జ్వరం మొదలైన తేదీని రాసిపెట్టుకోండి, పరీక్ష చేసేవారికి ముందుగా అదే చెప్పండి. జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకోవద్దు. డెంగీలో అసలు ప్రమాదం తరచు అప్పుడే మొదలవుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, ఆయాసం, మగత కనిపిస్తే కాగితం ఏమి చెప్పినా ఆసుపత్రికి వెళ్లండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వాడరాదు. ప్లేట్‌లెట్లు తగ్గాయన్న భయంతో అప్పు చేసి ఎక్కించుకోవలసిన అవసరం చాలామందికి రాదు. రక్తస్రావం లేనప్పుడు పదివేల లోపుకు పడితేనే సాధారణంగా ఆ ఆలోచన చేస్తారు.

ప్రభుత్వాన్ని మేము కోరేవి మూడు. అడవి మండలాల నమూనాలు ఏ రోజువి ఆ రోజే ఎలీసా ప్రయోగశాలకు చేరాలి. ఫలితం రోగి ఫోనుకు అందాలి. తెలుగుతో పాటు కోయ, ఉర్దూ భాషల్లోనూ ప్రమాద సూచనలను ప్రచారం చేయాలి. మసీదు కమిటీలూ, యువజన సంఘాలూ ఈ కోరికలతో వానాకాలానికి ముందే జిల్లా కలెక్టర్లను కలవాలి. జ్వరాలు ముసిరాక ఇచ్చే వినతిపత్రం ఎవరి ప్రాణమూ నిలపదు.